లండన్ పబ్‌లు, హోటల్ బార్‌లు: మొదటిసారి వచ్చేవారు అడిగే ప్రశ్నలు

లండన్‌లో కాపురం పెట్టాక వేసవి వచ్చిందంటే ఇంటికి చుట్టాలు వస్తూనే ఉంటారు. పగలు మ్యూజియంలు, వంతెనలు, రాజుల కోటలు అయిపోతాయి. సాయంత్రం ఆరు దాటాక ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఇక్కడి పబ్‌లు చూడాల్సిందేనట కదా" అని మెల్లగా మొదలుపెడతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఇవే. వచ్చినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. తాగనివాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

పబ్ అంటే డాన్స్ ఫ్లోరు, డీజే, లైట్లు ఉంటాయా?

ఉండవు. ఇక్కడ వాటిని క్లబ్ అంటారు. పబ్ అనేది 'పబ్లిక్ హౌస్'కి కుదించిన మాట, అంటే నలుగురికీ తలుపు తీసి ఉన్న ఇల్లు. చాలా పబ్‌లు నిజంగానే ఇల్లులా ఉంటాయి. అరిగిపోయిన చెక్క నేల, చలికాలమైతే ఓ మూల మంట, కుర్చీ కింద నిద్రపోతున్న కుక్క, పక్కన పేపర్ చదువుకుంటున్న పెద్దాయన. కొన్నింటిలో పాటలు కూడా పెట్టరు. జనం మాటల హోరే అక్కడి సంగీతం.

బయట వేలాడే బొమ్మల బోర్డులు చూస్తారు కదా, ఎర్ర సింహం, తెల్ల దుప్పి అంటూ. 1393లో రాజు రెండో రిచర్డ్ బీరు కాచి అమ్మేవాళ్ళు తప్పనిసరిగా బయట గుర్తు పెట్టాలన్నాడు. సరుకు తనిఖీ చేసే అధికారికి దుకాణం తెలియాలి, చదువు రాని జనానికీ తెలియాలి. తెల్ల దుప్పి ఆ రాజు సొంత చిహ్నమే.

లోపలికి వెళ్ళి కూర్చున్నాం. ఎవరూ వచ్చి ఏం కావాలని అడగరేంటి?

ఈ ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పబ్‌లో ఎవరూ మీ దగ్గరికి రారు. మీరే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, అడిగి, అక్కడే డబ్బు కట్టి, గ్లాసులు మీరే మోసుకొచ్చుకోవాలి.

మా బాబాయ్ వచ్చినప్పుడు ఆయన్ని ఒక పబ్ లోపల కూర్చోబెట్టి నేను బయట ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత లోపలికి వెళ్తే ఆయన ముందు ఏమీ లేదు. గ్లాసు కింద పెట్టే గుండ్రటి అట్టముక్కని బల్ల అంచు మీద నిలబెట్టి, వేలితో పైకి ఎగరేసి పట్టుకుంటున్నారు. ముఖం ఎర్రగా ఉంది. "ఏరా, మనల్ని చూసి కావాలనే రావడం లేదా వీళ్ళు?" అన్నారు. అక్కడ ఎవరి దగ్గరికీ ఎవరూ వెళ్ళలేదని, పక్క బల్ల వాళ్ళు కూడా కౌంటర్ నుంచే తెచ్చుకున్నారని చూపించేదాకా ఆయన మనసు కుదుటపడలేదు. పాపం, అంత దూరం వచ్చి అవమానం జరిగిందనుకున్నారు.

భోజనం ఎక్కువగా పెట్టే పబ్‌లలో బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు ఉంటారు, కొన్ని చోట్ల ఫోన్ యాప్‌లో కూడా ఆర్డర్ చేయొచ్చు. తెలియకపోతే కౌంటర్‌కి వెళ్ళండి. తప్పు పోదు. తిండి ఆర్డర్ చేయాలంటే ముందు మీ బల్ల నంబర్ చూసుకుని వెళ్ళండి, లేకపోతే ఇంకోసారి నడవాలి.

కౌంటర్ దగ్గర క్యూ లేదు, అందరూ గుంపుగా ఉన్నారు. ఎలా?

క్యూ ఉంది, కంటికి కనిపించదంతే. ఎవరు ముందొచ్చారో కౌంటర్ వెనకున్న మనిషికి గుర్తుంటుంది, నిలబడ్డవాళ్ళకీ గుర్తుంటుంది. ఖాళీ దొరికిన చోట కౌంటర్‌కి ఆనుకుని నిలబడి, వాళ్ళ కళ్ళలోకి ఒకసారి చూస్తే చాలు. నోటు ఊపడం, చిటికెలు వేయడం, "హలో బాస్" అని కేకేయడం చేస్తే మీ వంతు ఇంకా వెనక్కి పోతుంది. మీకంటే ముందొచ్చినవాళ్ళని వదిలేసి మిమ్మల్ని అడిగితే, "ముందు ఆయన" అని చెయ్యి చూపించండి. ఆ ఒక్క మాటకి అక్కడ మీకు ఎంత మర్యాద పెరుగుతుందో చూడండి.

ఏమని అడగాలి? కొలతలు ఎలా ఉంటాయి?

బీరు పింట్‌లలో. ఇక్కడి పింట్ 568 మిల్లీలీటర్లు, అమెరికా పింట్ కంటే పెద్దది. ఎక్కువ అనిపిస్తే సగం పింట్ అడగండి, ఎవరూ చిన్నచూపు చూడరు. మూడో వంతు, మూడింట రెండు వంతుల గ్లాసులు కూడా చట్టంలో ఉన్నాయి.

జిన్, విస్కీ, రమ్, వోడ్కా అయితే సింగిల్ 25 లేదా 35 మిల్లీలీటర్లు. ఏ కొలత వాడుతున్నారో పబ్‌లో బోర్డు పెట్టి తీరాలి. మనవాళ్ళు 30, 60 పెగ్గులకి అలవాటుపడి ఇక్కడ గ్లాసు చూసి "ఇదేంటి, అడుగున తడి చేసి ఇచ్చారు" అంటారు. కావాలంటే డబుల్ అడగాలి. వైన్ 125, 175, 250 గ్లాసుల్లో వస్తుంది. వైన్ అని ఊరుకుంటే చాలా చోట్ల "మీడియమా, లార్జా?" అని అడుగుతారు. లార్జ్ అంటే సీసాలో మూడో వంతు. ఆ సంగతి తెలిసి చెప్పండి.

పేర్లు తెలియకపోతే దాచుకోనక్కర్లేదు. "తేలిగ్గా ఉండేది కావాలి", "చేదు తక్కువ ఉండేది కావాలి" అనండి. చేతి పంపు బీర్లయితే చిన్న గ్లాసులో ఓ గుటక రుచి చూడనిస్తారు. రెండు మూడు రుచులు సరే, వెనక జనం ఉండగా ఆరు రుచులు చూడకండి.

మధ్య లండన్‌లో పింట్ ఆరేడు పౌండ్ల దగ్గర ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మాత్రం ఆ సాయంత్రం అక్కడితో పాడైపోతుంది.

ఇంగ్లీషువాళ్ళు బీరు వేడిగా తాగుతారట, నిజమా?

వేడి కాదు, మంచులా చల్లగా ఉండదు. కౌంటర్ మీద పొడవాటి చెక్క పిడులు కనిపిస్తాయి చూడండి, అవి చేతి పంపులు. వాటి నుంచి వచ్చేది కాస్క్ ఏల్, అంటే పీపా బీరు. పబ్ కింద నేలమాళిగలో పీపాలో ఉండగానే ఇంకా పులుస్తూ ఉంటుంది, పైనుంచి గ్యాస్ ఎక్కించరు. దాన్ని 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. అంతకంటే చల్లబరిస్తే రుచి తెలియదు.

పోసేటప్పుడు ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. పిడిని నిదానంగా ఒక్క గుంజు గుంజుతారు, గ్లాసు సగం నిండుతుంది. రెండో గుంజుకి దాదాపు నిండుతుంది. మూడోది సగం గుంజి ఆపుతారు. మొదట మజ్జిగలా మసకగా కనిపించే బీరు అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తుంది. బాగా పోసేవాళ్ళు గ్లాసుని దీపం వైపు ఎత్తి ఒకసారి చూసి గాని మీ ముందు పెట్టరు.

1960లలో పెద్ద కంపెనీలు ఈ పద్ధతి మాన్పించి గ్యాస్ బీరు అలవాటు చేయబోతే, తాగేవాళ్ళే 1971లో 'కామ్రా' అనే సంఘం పెట్టి పోరాడి నిలబెట్టుకున్నారు. బీరు కోసం ఉద్యమం నడిపిన దేశం ఇది. పులిసిపోయి వెనిగర్ వాసన వస్తుంటే మర్యాదగా వెనక్కి ఇవ్వండి, మారు మాట లేకుండా మారుస్తారు. నురగ మరీ ఎక్కువైనా ఇంకాస్త పోయమని అడగొచ్చు.

ఇవన్నీ వద్దు, చల్లగా కావాలంటే లాగర్ అనే రకం బీరు అడగండి.

'రౌండ్' అంటే ఏమిటి? ఎవరి డబ్బు వాళ్ళు కట్టుకోకూడదా?

నలుగురు వెళ్తే మొదట ఒకరు నలుగురికీ తెస్తారు. అవి అయ్యాక రెండోవారు నలుగురికీ తెస్తారు. అదే రౌండ్. మనకి ఇందులో కొత్తేమీ లేదు, టీ కొట్టు దగ్గర చేసే పనే. తేడా ఏమిటంటే, మన దగ్గర "నేనిస్తా, నేనిస్తా" అని జేబులు లాక్కుంటాం, ఇక్కడ పోట్లాడరు, వంతు గుర్తుపెట్టుకుంటారు. మీ వంతు రాకుండా లేచి వెళ్ళిపోతే ఏమీ అనరు గాని మరిచిపోరు. అంత తాగలేననుకుంటే మొదట్లోనే "నేను రౌండ్‌లో లేను, నాది నేను తెచ్చుకుంటా" అని చెప్పేయండి. అందులో తప్పేమీ లేదు. మొహమాటానికి పోయి నాలుగో పింట్ ముందు పెట్టుకుని కూర్చోవడం కంటే అదే నయం.

టిప్ ఎంత ఇవ్వాలి?

పబ్ కౌంటర్ దగ్గర ఇవ్వనక్కర్లేదు. ఎవరూ ఎదురుచూడరు. బాగా చూసుకున్నారనిపిస్తే ఆఖరున "మీరు కూడా ఒకటి తీసుకోండి" అనడం ఇక్కడి పాత మర్యాద. వాళ్ళు ఒక డ్రింక్ ధర తీసుకుంటారు, లేదా నవ్వి వద్దంటారు.

హోటల్ బార్‌లో, బల్ల దగ్గరికి తెచ్చిచ్చే చోట, బిల్లులోనే 12.5 శాతమో 15 శాతమో సర్వీస్ ఛార్జి కలిపి ఉంటుంది. అది చూడకుండా పైన మళ్ళీ టిప్ పెట్టేవాళ్ళు మనలో చాలామంది. బిల్లు మీద అది ఐచ్ఛికమని రాసి ఉంటే, సేవ నచ్చనప్పుడు తీసేయమని అడగొచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బు మొత్తం పనివాళ్ళకే పంచాలని చట్టం ఉంది కాబట్టి, నచ్చితే మాత్రం ఉంచేయండి.

రెండు మూడు రోజులే ఉంటాం. ఏ పబ్‌లు చూడాలి?

లిస్టు పట్టుకుని పరిగెత్తొద్దు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు. నేనైతే చుట్టాలని ఇలా తీసుకెళ్తాను.

సదక్‌లో ది జార్జ్ ఇన్. గుర్రపు బండ్ల కాలంలో ప్రయాణికులు దిగే సత్రం ఇది. 1676 అగ్నిప్రమాదం తర్వాత 1677లో మళ్ళీ కట్టారు. ముందు పెద్ద వాకిలి, పైన చెక్క వరండాలు. అలాంటి వరండాల సత్రం లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. ఎండ ఉన్న రోజు వాకిట్లో కూర్చోండి, వాన రోజు లోపలి చిన్న గదుల్లో దూరండి.

ఫ్లీట్ స్ట్రీట్‌లో యే ఓల్డ్ చెషైర్ చీజ్. 1666 మహా అగ్నిప్రమాదంలో కాలిపోయి మరుసటి ఏడాదే లేచింది. గుమ్మం పక్కన బోర్డు మీద అప్పటి నుంచి ఎంతమంది రాజులు, రాణులు మారారో వరసగా రాసి ఉంటుంది. లోపల పట్టపగలు కూడా చీకటే. మెట్లు దిగుతూ పోతే కిందకి, ఇంకా కిందకి గదులు. పొడవైనవాళ్ళు తల చూసుకోవాలి.

అక్కడికి నడక దూరంలోనే ది బ్లాక్‌ఫ్రయర్. ఒకప్పుడు ఆ స్థలంలో సన్యాసుల మఠం ఉండేది. 1905 నుంచి పబ్ లోపలంతా పాలరాయి, రాగి రేకు బొమ్మలతో నింపేశారు. అన్నింటిలోనూ లావుపాటి సన్యాసులు చేపలు పడుతూ, పాటలు పాడుతూ, కునుకు తీస్తూ ఉంటారు. 1960లలో పడగొట్టబోతే కవి జాన్ బెట్జమన్ లాంటివాళ్ళు అడ్డుపడి కాపాడారు. గ్లాసు పట్టుకుని తల పైకెత్తి తిరగాల్సిన చోటు.

హోబర్న్‌లో ప్రిన్సెస్ లూయీజ్. విక్టోరియా రాణి కాలం నాటి చెక్కిన అద్దాలు, చెక్క అడ్డుగోడలతో కౌంటర్ చుట్టూ చిన్న చిన్న అరలుగా ఉంటుంది. దగ్గర్లో ది లాంబ్ అనే పబ్‌లో కౌంటర్ మీద తిప్పుకునే చిన్న అద్దపు తలుపులు ఉన్నాయి. గొప్పింటివాళ్ళు తాము తాగడం పనివాళ్ళ కంట పడకుండా వాటిని మూసుకునేవారు. అయినా డబ్బు తీసుకునే చెయ్యి మాత్రం ఆ సందులోంచే రావాలి కదా.

సోహోలో ది ఫ్రెంచ్ హౌస్ ఒక విచిత్రం. అక్కడ బీరు సగం పింట్‌లే ఇస్తారు. సంగీతం లేదు, టీవీ లేదు, ఫోన్ తీస్తే కసురుకుంటారు. నాకు బాగా నచ్చిన పబ్ ఇదే, నా చుట్టాల్లో ఎవరికీ నచ్చలేదు.

నది ఒడ్డున కూర్చోవాలంటే వాపింగ్‌లోని ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీ. 1520 నాటిదని వాళ్ళ మాట.

ఒక సూచన: బ్యాంకులు, ఆఫీసులు ఉండే 'సిటీ' ప్రాంతంలో చాలా పబ్‌లు శని, ఆదివారాల్లో తలుపు తీయవు. ఆ వైపు పని రోజుల్లో వెళ్ళండి. గురువారం సాయంత్రం అయితే ఆఫీసు జనమంతా గ్లాసులతో ఫుట్‌పాత్ మీదే ఉంటారు, లోపల కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఎలాగూ వాన తప్పని ఊరు కాబట్టి ఎండ కనిపిస్తే వదలరు.

గది తీసుకోకుండా పెద్ద హోటల్ బార్‌కి వెళ్ళొచ్చా? రానిస్తారా?

నిరభ్యంతరంగా. గదికి రాత్రికి వందల పౌండ్లు పెట్టలేనివాళ్ళు కూడా ఒక్క కాక్‌టెయిల్ ధరకి ఆ హోటల్‌లో గంట కూర్చోవచ్చు. కాక్‌టెయిల్ ఇరవై పౌండ్లు దాటుతుంది, తక్కువేం కాదు. కానీ దానితో పాటు ఆలివ్‌లు, గింజలు, చిప్స్ వెండి గిన్నెల్లో వస్తూనే ఉంటాయి, మంచినీళ్ళ గ్లాసు ఖాళీ కానివ్వరు.

ఇక్కడ పద్ధతి పబ్‌కి పూర్తిగా తలకిందులు. మీరు ఎక్కడికీ కదలకూడదు. గుమ్మం దగ్గర ఆగి, వాళ్ళు చూపించిన చోట కూర్చోండి. ఆర్డర్, గ్లాసు, బిల్లు అన్నీ మీ దగ్గరికే వస్తాయి. మా బాబాయ్‌కి పబ్ నేర్పించాక హోటల్‌కి తీసుకెళ్తే అక్కడ లేచి కౌంటర్ వైపు నడవబోయారు, చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ద సావోయ్ హోటల్‌లోని అమెరికన్ బార్ 1893 నుంచి ఉంది. 1903లో అక్కడ ముఖ్య బార్‌టెండర్ అయినావిడ పేరు ఎడా కోల్మన్. ఆడవాళ్ళు పబ్‌లోకి ఒంటరిగా వెళ్తేనే వింతగా చూసే రోజుల్లో ఆమె ఇరవై ఏళ్ళకు పైగా ఆ కౌంటర్‌ని ఏలింది. అలసిపోయి వచ్చిన చార్ల్స్ హాట్రీ అనే నటుడి కోసం జిన్, తీపి వర్ముత్ (మూలికలు వేసిన వైన్), ఫెర్నెట్ బ్రాంకా అనే చేదు మూలికల మద్యం కలిపి ఆమె చేసిన 'హాంకీ పాంకీ' ఇప్పటికీ ప్రపంచమంతా చేస్తున్నారు. మొదటిసారి వెళ్తే అదే అడగండి. చేదుగా ఉంటుంది, కాకరకాయ ఇష్టపడేవాళ్ళకి తప్పక నచ్చుతుంది.

సెయింట్ జేమ్స్‌లోని డ్యూక్స్ హోటల్ చిన్నది, సందు చివర దాక్కుని ఉంటుంది. జేమ్స్ బాండ్‌ని సృష్టించిన ఇయన్ ఫ్లెమింగ్ అక్కడికి వచ్చేవాడు. మార్టినీ అడిగితే చక్రాల బల్ల తోసుకుంటూ మీ దగ్గరికే వచ్చి, గడ్డకట్టేంత చల్లబరిచిన గ్లాసులో కాస్త వర్ముత్ తిప్పి పారబోసి, జిన్ నేరుగా సీసాలోంచి పోస్తారు. ఐస్ ముక్క లేదు, కలపడం లేదు. అందుకే నీళ్ళలా తేటగా ఉంటుంది, నీళ్ళ పని మాత్రం చేయదు. మనిషికి రెండు మార్టినీలే అని వాళ్ళ నియమం. నా అనుభవంలో ఒకటే చాలు.

ఏం వేసుకోవాలి?

పబ్‌కి ఏదైనా సరే. మంచి హోటల్‌కి కాలర్ చొక్కా, మూసి ఉన్న బూట్లు, చిరగని ప్యాంటు. చీర కట్టుకుని వెళ్తే ఎక్కడైనా రాజమర్యాదే.

నేను దిగిన హోటల్‌లో బిల్లు విషయంలో ఏం చూసుకోవాలి?

దిగేటప్పుడే కార్డు తీసుకుని కొంత మొత్తం 'హోల్డ్' చేస్తారు. అది ఖర్చు కాదు, పట్టి ఉంచడం. వెళ్ళేటప్పుడు వదిలేస్తారు, బ్యాంకుకి చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. ట్రావెల్ కార్డులో లెక్కపెట్టి డబ్బు వేసుకొచ్చినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటే అందులో సీసాలు తీసి మీ పెరుగు డబ్బా పెట్టకండి. కొన్నింటికి కింద సెన్సార్లు ఉంటాయి, సీసా కదిలితే బిల్లులో పడుతుంది. పెరుగు పెట్టాలంటే ముందే రిసెప్షన్‌లో చెప్పి ఖాళీ చేయించుకోండి.

ఇక కార్డు మిషన్. "పౌండ్లలోనా, రూపాయల్లోనా?" అని తెర మీద అడుగుతుంది. ఎప్పుడూ పౌండ్లే నొక్కండి. ఒక హోటల్ బార్‌లో నా స్నేహితుడు సొంత డబ్బు చూసి సంబరపడి రూపాయలు నొక్కాడు. ఆ మిషన్ వేసిన మారకం రేటుకి ఇంకో డ్రింక్ వచ్చేదని తర్వాత లెక్క వేసుకున్నాం. కొన్ని పబ్‌లు ఇప్పుడు నోట్లు తీసుకోవు, అక్కడ కార్డు తప్పనిసరి.

పాస్‌పోర్ట్ వెంట ఉండాలా? మనకి వయసు అడుగుతారా?

మందు కొనడానికి 18 నిండాలి. కానీ 25 లోపు అనిపిస్తే చాలు, రుజువు అడుగుతారు. మన మొహాలు వాళ్ళకి చిన్నగా కనిపిస్తాయి. ముప్పై దాటిన మా మరదల్ని అడిగితే వారం రోజులు అందరికీ చెప్పుకుంది. ఫోన్‌లో ఫోటో చెల్లకపోవచ్చు. చిన్నగా కనిపించేవాళ్ళు అసలు పాస్‌పోర్టే లోపలి జేబులో పెట్టుకోండి.

పిల్లలతో వెళ్ళొచ్చా?

పగలు, భోజనం వేళ చాలా పబ్‌లలో రానిస్తారు, పెద్దవాళ్ళు వెంట ఉండాలి. రాత్రి ఎనిమిదో తొమ్మిదో దాటాక పంపేసే చోట్లు ఎక్కువ. గుమ్మం దగ్గరే అడిగేయండి. ఆదివారం మధ్యాహ్నం అయితే కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి.

మేం తాగం. మాకు పబ్‌లో ఏం పని?

కూర్చోవడమే పని. లైమ్ అండ్ సోడా అడగండి, అన్నింటికంటే చవక. ఆల్కహాల్ లేని బీర్లు ఇప్పుడు దాదాపు ప్రతి పబ్‌లోనూ ఉన్నాయి, గిన్నిస్ 0.0 అయితే నల్లగా నురగతో పక్కవాళ్ళ గ్లాసుకి కవల పిల్లలా ఉంటుంది. లైసెన్స్ ఉన్న చోట మంచినీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. "ఎందుకు తాగవు?" అని ఇంగ్లీషువాళ్ళెవరూ అడగరు. అడిగితే మన గుంపులోవాళ్ళే అడుగుతారు.

శాకాహారులకి ఏమైనా దొరుకుతుందా?

వంటకాలు బాగానే దొరుకుతాయి. మెనూలో 'వి' అని గుర్తు ఉంటుంది. అయితే చిప్స్ ఏ నూనెలో వేయించారో అడగాలి, కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కూరగాయల మీద పోసే గ్రేవీ కూడా మాంసం రసం కావచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగ్ పూరీలా పొంగి కనిపిస్తుంది గాని అందులో గుడ్డు ఉంటుంది.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. కాస్క్ ఏల్ తేటపడడానికి పీపాలో ఐసింగ్లాస్ అనే పదార్థం వేయడం పాత పద్ధతి. అది చేప లోపలి గాలితిత్తి నుంచి చేస్తారు. మడ్డిని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది, గ్లాసులోకి రావడం దాదాపు ఉండదు. అయినా పట్టింపు ఉన్నవాళ్ళకి పట్టింపే. గిన్నిస్ అది మానేసింది, చాలా కొత్త కంపెనీలూ మానేశాయి. 'వీగన్ బీరు ఏది?' అని అడిగితే కౌంటర్‌లో చెప్తారు.

ఆడవాళ్ళు ఒక్కరే వెళ్తే ఇబ్బందా?

పబ్‌లో ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకునే ఆడవాళ్ళు రోజూ కనిపిస్తారు, ఎవరూ తిరిగి చూడరు. కొత్త చోటైతే కౌంటర్‌కి దగ్గర్లో కూర్చోండి. గ్లాసు వదిలి వెళ్ళకండి, వదిలి వెళ్తే తిరిగొచ్చి అది ముట్టుకోకండి. ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే కౌంటర్ దగ్గరికి వెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడగండి. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన సంకేతం ఇది, లండన్‌లో చాలా చోట్ల తెలుసు. అలా అడిగితే గుట్టుగా పక్కకి తీసుకెళ్ళి టాక్సీ పిలవడమో, ఆ మనిషిని పంపించడమో చేస్తారు. ప్రమాదమైతే అత్యవసర నంబర్ 999కి ఫోన్ చేయండి.

ఆడా మగా అందరికీ ఒక మాట: పబ్ బయట ఫుట్‌పాత్ మీద ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడకండి. సైకిల్ మీదో బండి మీదో వచ్చి లాక్కుపోయేవాళ్ళున్నారు. మ్యాప్ చూడాలంటే లోపలే చూసుకుని బయటికి రండి.

ఎంత తాగితే ఎక్కువైనట్టు?

ఇక్కడ 'యూనిట్'లలో లెక్క. ఒక యూనిట్ అంటే 8 గ్రాముల ఆల్కహాల్. నాలుగు శాతం బీరు ఒక పింట్‌లో 2.3 యూనిట్లు, పెద్ద గ్లాసు వైన్‌లో మూడుకు పైనే. వారం మొత్తానికి 14 దాటకపోతే మంచిదని ప్రభుత్వ వైద్యుల సలహా. అంటే ఆరు పింట్‌లు. విమానం దిగిన రోజు, నిద్ర లేకుండా, ఖాళీ కడుపుతో ఉంటే రెండో పింట్‌కే నేల కదులుతుంది. బాగా మత్తులో ఉన్నవాళ్ళకి అమ్మడం ఇక్కడ నేరం, కాబట్టి "ఇక చాలండి" అని వాళ్ళంటే గొడవ పడకండి.

సిగరెట్ 2007 జూలై 1 నుంచి లోపల ఎక్కడా కుదరదు, బయటికి రావాల్సిందే.

రాత్రి ఆలస్యమైతే తిరిగి ఎలా వెళ్ళాలి?

శుక్ర, శనివారాల్లో సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిలీ, విక్టోరియా లైన్లలో రాత్రంతా మెట్రో తిరుగుతుంది, జూబిలీ, విక్టోరియా లైన్లలో మొత్తం, మిగతా మూడింటిలో కొన్ని భాగాల్లోనే. మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటాక ఆఖరి రైలు పోతుంది, ఆ తర్వాత రాత్రి బస్సులే గతి, చాలావాటి నంబరు 'ఎన్' అక్షరంతో మొదలవుతుంది. బస్సులో డబ్బు తీసుకోరు, కార్డు తాకించాలి. నల్ల టాక్సీని రోడ్డు మీద చెయ్యెత్తి ఆపొచ్చు. మిగతా ఏ కారైనా ముందుగా బుక్ చేసుకున్నదే ఎక్కాలి. క్లబ్ బయట "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికొచ్చేవాళ్ళ కారెక్కకండి.

మిగిలిన బీరు డబ్బా తాగుతూ రైలెక్కుదామనుకుంటే కుదరదు. 2008 జూన్ 1 నుంచి మెట్రోలో, బస్సుల్లో తాగడం నిషేధం, మూత తీసిన సీసా చేతిలో ఉన్నా తప్పే.

పదకొండు కావస్తుండగా గంట కొట్టారు. అంటే ఏమిటి?

లాస్ట్ ఆర్డర్స్, ఆఖరి అవకాశం. కావాలంటే అప్పుడే కౌంటర్‌కి వెళ్ళాలి. రెండో గంట మోగాక ఎంత బతిమాలినా పోయరు. గ్లాసులో ఉన్నది తాగడానికి ఇరవై నిమిషాలు ఇస్తారు, ఈలోగా మీ చుట్టూ కుర్చీలు బల్లల మీదకి ఎక్కుతూ ఉంటాయి. చట్టం 2005 నవంబర్ నుంచి ఎంతసేపైనా తెరిచి ఉంచే లైసెన్స్ అడగనిస్తోంది గాని, చాలా పబ్‌లు ఆ పాత పదకొండునే పట్టుకుని ఉన్నాయి. ఆదివారం పదిన్నరకే.

ఇంకా ఉందామంటే సోహో వెళ్ళండి. ఫ్రిత్ స్ట్రీట్‌లో రానీ స్కాట్స్ జాజ్ క్లబ్ ఉంది. 1959లో మొదలై 1965 నుంచి ఆ వీధిలోనే నడుస్తోంది. టికెట్ ముందే తీసుకోవాలి. ఎదురుగా 1949 నాటి బార్ ఇటాలియాలో కాఫీ దొరుకుతుంది. నా ఓటు కాఫీకే.

పబ్ గ్లాసు గుర్తుగా తెచ్చుకోవచ్చా?

వద్దు, అది దొంగతనం. అడిగితే కొన్ని చోట్ల అమ్ముతారు. గ్లాసు కింద పెట్టే అట్టముక్కలు మాత్రం ఒకటో రెండో అడిగి తీసుకెళ్తే ఎవరూ కాదనరు. బాబాయ్ ఇంట్లో ఫ్రిజ్ మీద ఇప్పుడు పదకొండు ఉన్నాయి. భోజనానికి పిలవడం ఆలస్యమైతే ఒకటి తీసి బల్ల అంచు మీద నిలబెట్టి ఎగరేస్తుంటారని పిన్ని చెప్పింది.